శాఖ తేలని తొలియేడు

మాసచూసెట్సు రాష్ట్రమున చార్లెస్ నది యొడ్డున నెలకొనియున్న ఎం.ఐ.టి. పేరు వినని తెలుగు ఇల్లు నేడు అరుదు. ఇంజనీరింగు విద్యకు పరాకాష్ఠగా మనవారు భావించు ఆ సంస్థలో ఏటేట చేరు వేయిమందికి పైబడిన తొలియేటి విద్యార్థులలో ఒక్కనికైనను చేరిన దినమున బ్రాంచి యనునది యుండదని చెప్పినచో, నెట్ సెంటరులో కుమారుని ప్రక్కన కూర్చుండి, ఏ కాలేజీ ముందు, ఏ బ్రాంచి వెనుక యని వెబ్ ఆప్షన్ల వరుసను పదేపదే సరిచూచుకొనుచున్న మన తండ్రులు నమ్మజాలరు. అయినను అది సత్యము. అచ్చటి ప్రవేశము సంస్థలోనికే గాని శాఖలోనికి గాదు. ఏ శాఖ యను ప్రశ్న తొలియేడు ముగియు వేళకు గాని విద్యార్థి యెదుట నిలువదు.

ఆ యేడాది విద్యార్థి చేతులు ముడుచుకొని ఆలోచించుచు కూర్చుండునని తలంపరాదు. రెండు సెమిస్టర్ల కలనగణితము, రెండు సెమిస్టర్ల భౌతికశాస్త్రము, ఒక్కొక్క సెమిస్టరు రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, వీనికి తోడు నాలుగేండ్ల కాలమున ఎనిమిది మానవీయ, కళా, సామాజిక విషయములు అందరికిని విధింపబడినవి. రేపు కంప్యూటర్ సైన్సు చదువబోవువానికిని, సంగీతము చదువబోవువానికిని ఇందు భేదము లేదు. అంతకంటె విశేషమైనది మరొక నియమము. తొలి సెమిస్టరున గ్రేడు ట్రాన్స్‌క్రిప్టు మీదికెక్కదు: ఉత్తీర్ణుడైనచో ఆ సంగతి సూచించు ఒక యక్షరము మాత్రము కనబడును, తప్పినచో బయటివారికి చూపు పత్రమున ఆ కోర్సు జాడయే యుండదు. క్రొత్త విషయమున కాలు మోపుటకు జంకువానికి సంస్థ తానే ముందుగా ఇచ్చిన అభయ మిది. హైస్కూలున జీవశాస్త్రమనిన దూరముగా తొలగిపోయిన బాలుడు ఆ ధైర్యముతోనే ప్రయోగశాలలో అడుగుపెట్టును. ఏడాది తుద వారు శాఖను కోరుకొందురు. శాఖలకు పేర్లకంటె అంకెలే వాడుకలో నుండుటచే, విద్యుత్, కంప్యూటర్ శాస్త్రములు చేపట్టినవాడు తనది ‘సిక్స్’ అనియు, గణితము చేపట్టినవాడు ‘ఎయిటీన్’ అనియు, భౌతికశాస్త్రమువాడు ‘ఎయిట్’ అనియు చెప్పుకొనును. కోరినవానిని ఆ శాఖ ‘సీట్లు నిండినవి’ అని త్రిప్పి పంపదు.

ఈ యేర్పాటు ఎం.ఐ.టి. యొక్క సొత్తు మాత్రమే గాదు. హార్వర్డు విద్యార్థి రెండవయేటి తొలి సెమిస్టరున తన ప్రధాన విషయమును ప్రకటించును. స్టాన్‌ఫర్డు విద్యార్థికి రెండవయేటి తుదివరకు గడువు కలదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయములందు శాఖను పేర్కొని చేరువారితోపాటు, ఏదియు పేర్కొనక ‘అన్‌డిక్లేర్డ్’ అను వర్గమున చేరువారును ఏటేట వచ్చుచుందురు. మన యిండ్లలో ఈ మాట వినబడినంతనే, పిల్లవానికి గురి లేదనియు, కాలము వృథా యగుననియు ఒక భయము పుట్టును. ఆ భయము తలిదండ్రుల ప్రేమనుండియే పుట్టినదని యెఱిగియు, దానితో నేను ఏకీభవింపజాలను. పరిచయము లేనిదానిని కోరుకొనుట ఎవ్వరి తరము గాదు. పదునేడేండ్ల బాలుడు ‘ఇది నాకు వలదు’ అని త్రోసిపుచ్చిన శాస్త్రములలో ముప్పాతిక వంతు వాడు ఒక్క గంటయైన విని యెఱుగనివి. అట్టి శాస్త్రములను త్రోసిపుచ్చుట నిర్ణయమనిపించుకొనదు.

మన దేశమున ఈ నిర్ణయము ఎంత ముందుగా వచ్చిపడుచున్నదో ఒకసారి తలపోయుదము. పదవ తరగతి ఫలితములు వెలువడిన కొలది దినములలోనే, ఎం.పి.సి.యా, బై.పి.సి.యా, సి.ఇ.సి.యా యని తేల్చుకొనవలసిన బాలునకు పదునైదు, పదునాఱేండ్లకు మించి వయస్సుండదు. ఎం.పి.సి. తీసికొన్ననాడే వైద్యవిద్య ద్వారము, బై.పి.సి. తీసికొన్ననాడే ఇంజనీరింగు ద్వారము దాదాపుగా మూతపడును. భాషాశాస్త్రము, మనస్తత్వశాస్త్రము, భూగర్భశాస్త్రము, మానవశాస్త్రము, గణాంకశాస్త్రము అనునవి లోకమున నున్నవని ఆ బాలునకు చెప్పినవారే యుండరు. పెండ్లిలోనో, గృహప్రవేశములోనో కలిసిన చుట్టము మొట్టమొదట నడుగు ప్రశ్న ‘ఏం గ్రూపు బాబూ?’ అని; రెండేండ్లు గడచిన పిదప ఆ చుట్టమే ‘ఏం బ్రాంచి?’ అని యడుగును. ఈ రెండు ప్రశ్నలకును వెంటనే సమాధానము చెప్పగలవాడు తెలివైనవాడనియు, తడబడినవాడు చదువు రానివాడనియు మనము చేయు తీర్పువలన ఎందఱు బాలబాలికలు తమకు నిజముగా తెలియని మాటను తెలిసినట్లు పలుకుట నేర్చుకొనిరో లెక్కింపనలవి గాదు.

అమెరికాకును ఈ స్వేచ్ఛ పుట్టుకతో వచ్చినది గాదు. 1828లో యేల్ కళాశాల ఆచార్యులు వెలువరించిన ప్రసిద్ధ నివేదిక, లాటిను, గ్రీకు, గణితములు మనశ్శక్తులకు తగిన వ్యాయామమనియు, వానిని అందఱును ఒకే క్రమమున అభ్యసింపవలెననియు గట్టిగా వాదించెను. ఆ నాటి కళాశాలలలో అధిక భాగము ఆ వాదమునే అనుసరించెను. జెఫర్సన్ సంకల్పబలమున 1825లో తలుపులు తెరచిన వర్జీనియా విశ్వవిద్యాలయమున ఏ ఆచార్యుని ఉపన్యాసములు వినవలెనో విద్యార్థియే కోరుకొనవచ్చునన్న నియమమున్నను, ఆ పద్ధతి చాలకాలము ఒంటరిగానే మిగిలినది. 1869లో చార్లెస్ విలియం ఎలియట్ అను ముప్పదియైదేండ్ల రసాయనశాస్త్రజ్ఞుడు హార్వర్డు అధ్యక్షపీఠము నెక్కి, నలువదేండ్లపాటు ఆ పీఠముననే కూర్చుండి, విధిగా చదువవలసిన పాఠములను ఒక్కొక్కటిగా తొలగించుచు పోయి, శతాబ్దాంతము నాటికి తొలియేటి ఆంగ్లరచన దక్క దాదాపు మిగిలినదంతయు విద్యార్థి యిచ్ఛకు వదలివేసెను. పదునెనిమిదేండ్ల యువకుడు తన మనస్సు పోకడను తానే యెఱుగుననియు, ఇష్టముతో చదివినదియే వంటబట్టుననియు ఆయన విశ్వాసము.

ఆ విశ్వాసము గొప్పది. కాని దాని ఫలితములు మిశ్రమముగా నుండెను. పెక్కురు విద్యార్థులు లోతునకు దిగక, ప్రవేశస్థాయి పాఠములనే ఒకదాని ప్రక్క నొకటి పేర్చుకొని పట్టములు పుచ్చుకొనసాగిరి. 1909లో ఎలియట్ తరువాత అధ్యక్షుడైన లోవెల్ ఇది గమనించి, ప్రతి విద్యార్థియు ఒక విషయమున కొన్ని పాఠములు లోతుగాను, తక్కినవి విద్యావిభాగము లన్నిటి మీదను వ్యాపించునట్లుగాను ఎన్నుకొనవలెనని కట్టడి చేసెను. నేటి అమెరికా విశ్వవిద్యాలయములలో ఏ మూలకు పోయినను కనబడు పద్ధతి, ఒక ప్రధాన విషయము, దాని చుట్టును సర్వసామాన్య విద్య అను ఆ కూర్పు, అప్పటి సవరణకు సంతానమే. స్వేచ్ఛ నిచ్చిన ఎలియట్‌ను లోకము ఎక్కువగా కీర్తించును. ఆ స్వేచ్ఛ పదికాలములు నిలుచునట్లు దానికొక చట్రము బిగించిన లోవెల్‌కు అంతకు తక్కువ గౌరవము చాలదని నా యభిప్రాయము. మరల 1969లో రోడ్ ఐలండు రాష్ట్రమందలి బ్రౌన్ విశ్వవిద్యాలయము, ఐరా మాగజినర్, ఎలియట్ మాక్స్‌వెల్ అను ఇద్దఱు విద్యార్థుల కృషిఫలమైన సుదీర్ఘ నివేదికను ఆధారముగా జేసికొని, సర్వసామాన్య విద్యావిధులను పూర్తిగా ఎత్తివేసినది. అచ్చట ముప్పది కోర్సులు పూర్తిచేసి, రెండవయేటి తుదిలోగా ఒక ప్రధాన విషయమును ప్రకటించి, దాని షరతులను, రచనాసామర్థ్య నియమమును తీర్చినచో చాలును. తక్కిన కోర్సులన్నియు విద్యార్థి యెన్నికయే.

చరిత్ర యిట్లుండగా, నేటి దినమున ఒక సాధారణ ప్రభుత్వ విశ్వవిద్యాలయమున శాఖ ప్రకటింపక చేరిన విద్యార్థి తొలి సెమిస్టరు ఎట్లు గడచునో దగ్గరగా చూచుట మేలు. టెక్సాసులో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబపు బాలికను ఊహింతము. పట్టమునకు సామాన్యముగా 120 క్రెడిట్లు కావలెను; సెమిస్టరునకు 15 చొప్పున ఎనిమిది సెమిస్టర్ల దారి. అందు 42 క్రెడిట్లు ఆ రాష్ట్రపు ప్రభుత్వ విద్యాసంస్థలన్నిట ఏ శాఖవారికైనను విధింపబడిన సామాన్య పాఠ్యక్రమము. ఆగస్టులో ఆమె తన అడ్వయిజరు యెదుట కూర్చుండి, కేటలాగు త్రిప్పుచు, కలనగణితము, ఆంగ్లరచన, అమెరికా చరిత్ర, మనస్తత్వశాస్త్ర ప్రవేశిక, భూగర్భశాస్త్ర ప్రవేశిక అను ఐదింటిని ఎన్నుకొన్నదనుకొందము. వీనిలో ప్రతియొకటియు ఆ 42 క్రెడిట్లలో ఏదో యొక గడిని నింపగలదు. రేపు ఆమె ఏ శాఖలోనికి పోయినను ఈ సెమిస్టరున చదివినది చాలవఱకు చెల్లుబడి యగును. శాఖ తేలనందువలన ఏడాది పోవునను భయమునకు మొదటి సమాధానము ఈ చిన్న లెక్కలోనే యున్నది.

తరగతులు ఆరంభమైన పండ్రెండవ పని దినము ఆ రాష్ట్రమున ఒక గడువు. ఆ దినములోగా వదలుకొన్న కోర్సు రికార్డునకెక్కదు. తరువాత వదలుకొన్నది మాత్రము ట్రాన్స్‌క్రిప్టు మీద నిలిచిపోవుటయే గాక, నాలుగేండ్లలోను మొత్తము ఆఱింటికి మించి అట్లు వదలుకొనుటకు వీలులేదని రాష్ట్రచట్టము శాసించుచున్నది. కనుక తొలి రెండు వారములలో విద్యార్థి చేయు పని సరదా షికారు వంటిది గాదు. సిలబసు చేతికందగానే చివరి వారమువఱకు చదివి చూచును. పాఠ్యపుస్తకమున రెండు మూడు అధ్యాయములు తిరగవేయును. ఆచార్యుడు కార్యాలయమున కూర్చుండు వేళల కనుగొని వెళ్లి మాటాడును. మన బాలిక మనస్తత్వశాస్త్రమున, మనుష్యుల మనస్సులను గూర్చి తాను చదువబోవుచున్నానని వచ్చి, ఆచార్యుడు ఒక ప్రయోగ ఫలితమును బోర్డు మీద వేసి, ఈ రెండు గుంపుల నడుమ కనబడు భేదము నిజమా, యాదృచ్ఛికమా యని యడిగిన నాడు, ఆ ప్రశ్నకు సమాధానము చెప్పు ఉపాయము మీద మనస్సు పడి తిరిగి వచ్చినది. ఆ వారాంతమున ఇంటికి ఫోను.

‘‘ఏం తల్లీ, మేజరు తేల్చుకున్నావా?’’

‘‘ఇంకా లేదు నాన్నా. సైకాలజీ క్లాసులో డేటాతో చేసే పని బాగుంది. వచ్చే సెమిస్టరు స్టాటిస్టిక్స్ తీసుకుని చూస్తాను.’’

‘‘చూస్తానంటే ఎట్లా అమ్మా? ఫీజు కట్టేది చూడడానికా?’’

ఆ తండ్రి ప్రశ్న అన్యాయమైనది గాదు. దానికి సరియైన సమాధానము చెప్పవలెను. శాఖ నిర్ణయమును వాయిదా వేయుటకు వెల కలదు, ఆ వెల అందఱికిని సమానము గాదు. ఒక్క సెమిస్టరు అధికమైనను ఫీజు, ఇంటి యద్దె, తిండి ఖర్చు, ఆ కాలమున సంపాదింపగలిగి సంపాదింపని జీతము, ఇవి యన్నియు గూడును. అమెరికా ప్రభుత్వము పేద విద్యార్థుల కిచ్చు పెల్ గ్రాంటు జీవితకాలమున పండ్రెండు సెమిస్టర్లకు సరిపడు పరిమితితో ఆగిపోవును. మన దేశమునుండి ఎఫ్-1 వీసాపై డిగ్రీకి పోయిన విద్యార్థి ప్రతి సెమిస్టరునను కనీసము 12 క్రెడిట్లు మోయవలసినవాడు. కష్టముగా నున్న కోర్సును వదలుకొను స్వాతంత్ర్యము స్థానిక విద్యార్థికున్నంతగా వానికి లేదు. ధనవంతుని బిడ్డకు అన్వేషణ, పేదవాని బిడ్డకు ఆలస్యము అను పేర్లతో ఒకే పని రెండుగా కనబడు దుస్థితి అమెరికాలోను లేకపోలేదు.

ఇచ్చట అనుభవజ్ఞులైన అడ్వయిజర్లు చెప్పు సూక్ష్మమొకటి తలిదండ్రులు తప్పక తెలిసికొనవలెను. శాఖను వాయిదా వేయవచ్చును గాని గణితమును వాయిదా వేయరాదు. ఇంజనీరింగు విద్య యంతయు మెట్లుగా కట్టబడినది: మొదటి కలనగణితము లేనిదే రెండవది లేదు, రెండవది లేనిదే అవకల సమీకరణములు లేవు, కలనగణితము వెంట భౌతికశాస్త్రము, దాని వెంట యంత్రశాస్త్రము, దాని వెంట తక్కినవి. చరిత్ర చదువుదునా, సివిల్ ఇంజనీరింగు చదువుదునా యని ఊగుచున్న విద్యార్థి తొలి సెమిస్టరున చరిత్ర మాత్రమే తీసికొనెనా, ఏడాది తరువాత ఇంజనీరింగు వైపు తిరిగిననాడు ఆ మెట్లన్నియు మొదటినుండి ఎక్కవలసి వచ్చి, పట్టము ఐదవయేటికి జరుగును. అదే విద్యార్థి కలనగణితమును, చరిత్రను జోడించి చదివియున్నచో ఏ వైపు తిరిగినను నష్టము స్వల్పము. కోరికలలో దేనికి మెట్లు ఎక్కువో దాని మొదటి మెట్టును తొలి సెమిస్టరుననే ఎక్కియుంచుట ఈ విద్యలోని కిటుకు.

ఇట్టి మాట చెప్పు మనిషి దగ్గర నుండుటయే శాఖ తేలని తొలియేటికి ప్రాణము. పెన్సిల్వేనియా స్టేట్, పర్డ్యూ వంటి విశ్వవిద్యాలయములు శాఖ ప్రకటింపనివారికై ప్రత్యేక విభాగములనే నెలకొల్పి, అన్ని శాఖల షరతులును క్షుణ్ణముగా నెఱిగిన అడ్వయిజర్లను వానిలో నియమించినవి. ఇంజనీరింగు విభాగపు అడ్వయిజరునకు ఇంజనీరింగే తెలియును. ఈ విభాగమువానికి నర్సింగు ప్రవేశ నియమములును, వాస్తుశాస్త్రపు డ్రాయింగు షరతులును, ఆర్థికశాస్త్రమునకు వలయు గణితమును తెలిసియుండవలెను. అది తేలిక విద్య గాదు. మంచి అడ్వయిజరు ‘నీవేమి కావలెననుకొనుచున్నావు?’ అని మొదట నడుగడు; ఆ ప్రశ్న బాలుని మరింత భయపెట్టునని యతనికి తెలియును. ఈ సెమిస్టరున ఎవ్వరు చెప్పకున్నను నీవు చదివిన పేజీలు ఏ కోర్సువి, ఏ హోంవర్కును చివరి గంటవఱకు నెట్టుకొని పోయితివి యని యడుగును. వచ్చిన సమాధానములలో విద్యార్థి తానెఱుగని తన మొగ్గు బయటపడును.

అడ్వయిజరు లేక, చట్రము లేక, ‘నీ యిష్టము’ అని విడిచిపెట్టుట స్వేచ్ఛ యనిపించుకొనదు, ఉపేక్ష యనిపించుకొనును. అమెరికా విశ్వవిద్యాలయములలో ఈ ఉపేక్ష కలవియు ఉన్నవి. వందలకొలది విద్యార్థులకు ఒక్క అడ్వయిజరు చొప్పున నుండి, సెమిస్టరునకొక్కసారి పదిహేను నిమిషములు మాటాడి పంపుచోట, శాఖ తేలనివాడు తేలకయే రెండవయేటికి జారును.

మరియొక సంగతి మనవారు ప్రత్యేకముగా గమనింపవలసినది. అన్ని ద్వారములును లోపలినుండి తెరచుకొనవు. కంప్యూటర్ సైన్సు మీద విపరీతమైన వత్తిడి పెరిగిన కారణమున, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణములో 2023లో చేరినవారి నుండి ఆ విషయమునకు ప్రవేశసమయముననే ఎంపిక జరుగుచున్నది. తక్కిన విషయములతో చేరి, తరువాత దానిలోనికి మారుట మిగుల కఠినమైనది. ఇల్లినాయ్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయములలోను కంప్యూటర్ సైన్సును కోరువారు దరఖాస్తులోనే దానిని పేర్కొనవలెనని పెద్దలు హితవు చెప్పుదురు. ‘ముందు ఏదో యొకదానిలో చేరుము, తరువాత మారవచ్చును’ అని ఒక తరము క్రిందట అమెరికా తెలుగువారు ఒకరికొకరు చెప్పుకొనిన సలహా ఈ చోట్ల నేడు చెల్లదు. కంప్యూటర్ సైన్సే కావలెనని నిశ్చయముగా నెఱిగినవాడు దానినే పేర్కొని పోవలెను. సందేహమున్నవాడు, లోపలి ద్వారములు తెరచియున్న సంస్థ నెన్నుకొనవలెను. విద్యాసంస్థ పేరు ప్రతిష్ఠలకంటె ఈ యొక్క నియమము ఆ బాలుని నాలుగేండ్లను ఎక్కువగా నిర్ణయించును. దానిని వెబ్‌సైటులో వెదకి చదువుటకు పట్టునది అరగంట.

శాఖ ముందే తేల్చుకొన్నవారు సుస్థిరముగా నుందురనుకొనుటయు భ్రమయే. 2011-12లో అమెరికాలో కళాశాలలలో చేరిన విద్యార్థులను ఆ దేశపు విద్యాగణాంక కేంద్రము మూడేండ్లపాటు గమనించి 2017లో ప్రకటించిన వివరముల ప్రకారము, బ్యాచిలర్ పట్టమునకై చేరి శాఖ ప్రకటించినవారిలో నూటికి 33 మంది ఆ కాలములోనే కనీసము ఒకసారి శాఖ మార్చుకొనిరి. గణితమును మొదట ప్రకటించినవారిలో ఆ సంఖ్య నూటికి 52. హైస్కూలులో గణితమున మొదటి మార్కులు తెచ్చుకొన్నవాడు కళాశాలలో గణితమనిన లెక్కలు గాదు, ఉపపత్తులని తెలిసికొనిన నాడు, ఆ గణితము తాను కోరిన గణితము గాదని గ్రహించును. ఆ గ్రహింపు తప్పు గాదు. ఇంతమంది మనస్సు మార్చుకొనుచుండగా, మొదటనే మనస్సు చెప్పనివానిని మాత్రము నిందించుట ఏమి న్యాయము?

శాఖకు ముందు విశాలమైన పరిచయము కావలెనను మాట మన దేశమున క్రొత్త యాలోచన యనుకొనరాదు. 1857లో లండను విశ్వవిద్యాలయపు నమూనాపై మద్రాసు విశ్వవిద్యాలయము నెలకొన్ననాటినుండి, పరీక్షయే పరమార్థముగా, శాఖలు వేర్వేరు గదులుగా మన విద్య సాగినమాట నిజమే. కాని స్వతంత్రము వచ్చిన మరుసటి సంవత్సరముననే, ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షపదవి నలంకరించియుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతను 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాకమిషను, అమెరికానుండి వచ్చిన ఆర్థర్ మోర్గన్, జాన్ టైగర్ట్‌లను గూడ సభ్యులుగా జేర్చుకొని, ఇంటర్మీడియెటులోను, డిగ్రీలోను అతిగా పెరిగిన ప్రత్యేకీకరణమును తగ్గించుటకై సర్వసామాన్య విద్యను ఆలస్యము లేక ప్రవేశపెట్టవలెనని సిఫారసు చేసినది. డెబ్బదియైదేండ్లు గడచినవి. ఆ సిఫారసును మనము పూజించితిమి గాని పాటింపలేదు.

తెలుగు కుటుంబమున జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారి విద్యాజీవితము ఈ సందర్భమున నాకు తరచు గుర్తుకు వచ్చును. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున ఎం.ఏ. పట్టము పొంది, పరిశోధనకు అవకాశము చిక్కక, ఒక సైనికశాఖ ఉద్యోగపు ఇంటర్వ్యూకై కలకత్తా వెళ్లిన ఆ యువకునకు, ఉద్యోగము దొరకలేదు గాని, తాను బసచేసిన చోట పరిచయమైన యొకనివలన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అనునది యొకటి కలదని తెలిసినది. 1941 జనవరిలో అందు చేరిరి. కలకత్తా విశ్వవిద్యాలయము ఆ యేడే ఆరంభించిన గణాంకశాస్త్ర ఎం.ఏ.లో 1943లో ప్రథమశ్రేణిలో నిలిచిరి. 1945లో ఆయన ప్రకటించిన వ్యాసమందలి ఫలితములు నేటికిని లోకమందలి గణాంకశాస్త్ర పాఠ్యపుస్తకములలో ఆయన పేరుతో వెలుగుచున్నవి. 2023లో, నూటరెండేండ్ల వయస్సున, ఆ శాస్త్రమున అత్యున్నతమైన అంతర్జాతీయ పురస్కారము ఆయనను వరించినది. ఇంటరు గ్రూపు నెన్నుకొన్ననాడు ఆ బాలుని యెదుట గణాంకశాస్త్రమను గడి లేనేలేదు. ఒక ప్రయాణము, ఒక బస, ఒక సంభాషణ ఆయనకు ఆ ద్వారమును చూపినవి. ప్రతి బాలునకును అట్టి బస తటస్థింపదు గదా! కలకత్తా బసలో యాదృచ్ఛికముగా జరిగిన ఆ పరిచయమును ప్రతి విద్యార్థికిని నియమపూర్వకముగా కల్పించుటకే తొలియేడు.

అట్టి ప్రయత్నములు మన దేశమున మొదలైనవి. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ 2011లో డిగ్రీ కోర్సు నారంభించునపుడు, తొలి మూడు సెమిస్టర్లు అందఱికిని ఉమ్మడి పాఠములుగా, ఆపైని ప్రధాన విషయముగా ఏర్పరచినది. తిరుపతికి సమీపమున 2015లో ఆరంభమైన ఐసర్ (భారతీయ విజ్ఞానశాస్త్ర విద్యా, పరిశోధన సంస్థ)లోను తొలి రెండేండ్లు గణిత, భౌతిక, రసాయన, జీవశాస్త్రములు నాలుగింటికిని పునాది వేయు కాలము, బై.పి.సి. నుండి వచ్చినవాడు అచ్చట గణితమును, ఎం.పి.సి. నుండి వచ్చినవాడు జీవశాస్త్రమును తప్పించుకొనజాలడు. శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయము అదే మార్గమున మానవీయశాస్త్రములను గూడ చేర్చుకొని నడచుచున్నది. ఇవి మేలైన సంస్థలే. కాని వీనిలో చేరగలవారు కొలదిమంది, క్రియా వంటి ప్రైవేటు సంస్థల ఫీజు మోయగలవారు ఇంకను కొలదిమంది.

లక్షలమంది బిడ్డలు చదువునవి జిల్లా కేంద్రములలోని డిగ్రీ కళాశాలలు. అచ్చట పూర్వము ఒక మేలైన లక్షణ ముండెను, అది మేలని మన మెన్నడును గుర్తింపలేదు. పాత బి.ఎస్సీ.లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు మూడును సమానమైన బరువుతో మూడేండ్లు సాగెడివి, బి.ఏ.లో చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి అట్లే. ఏది తనదో విద్యార్థి తేల్చుకొనునది ఎం.ఎస్సీ., ఎం.ఏ. ప్రవేశవేళ. మూడు విషయములను మూడేండ్లు దగ్గరగా చూచిన పిమ్మట ఇరువదేండ్ల వయస్సున చేయు ఎన్నిక యది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో ఒకే మేజరు పద్ధతి వచ్చినది. 2020 జాతీయ విద్యావిధానము ప్రబోధించిన నాలుగేండ్ల డిగ్రీ, బహుశాస్త్ర పరిచయము అను మాటల వెంట మేజరు, మైనరు అనునవి మన కళాశాలల నోటీసు బోర్డుల కెక్కినవి. లోతు పెరుగుటకు ఒకే మేజరు మంచిదే కావచ్చును. కాని దానిని పదునెనిమిదేండ్లవాడు దరఖాస్తు దినముననే చెప్పవలెననుట, లోవెల్ చట్రమును తెచ్చుకొని ఎలియట్ స్వేచ్ఛను సముద్రమవతలనే విడిచివచ్చుట యగును.

కావలసినది పెద్ద పని గాదు. స్వయంప్రతిపత్తి గల ప్రభుత్వ కళాశాలలకు పాఠ్యప్రణాళిక కూర్చుకొను అధికారము నేడును కొంత కలదు. మేజరు ప్రకటనను తొలియేటి తుదకు జరిపి, ఆ యేడాది భాష, గణితము, ఒక ప్రయోగశాస్త్రము, ఒక సామాజికశాస్త్రము, విద్యార్థి యెన్నడును చదివి యెఱుగని మరియొక విషయము ఉండునట్లు టైంటేబులు వేయవచ్చును. అందుకు ముందు, ఖాళీగా నున్న అధ్యాపక పదవులు నింపవలెను. లేనిచో కోరిన విషయమునకు చెప్పువాడే యుండడు. ప్రతి ముప్పది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుని అడ్వయిజరుగా నియమించి, వారానికి రెండు గంటలు ఆ పనికే ఆయన బోధనభారమునుండి మినహాయింపవలెను. మినహాయింపు లేని బాధ్యత కాగితముమీదనే మిగులును. బై.పి.సి. చదివివచ్చిన బాలిక ‘నాకు కలనగణితము నేర్చుకొనవలెనని యున్నది సార్’ అని స్టాఫు గది గుమ్మమున నిలిచిననాడు, ‘నీది ఆ గ్రూపు కాదు కదమ్మా’ అను సమాధానము వినబడకుండునట్లు, ఆమె స్థాయినుండి ఆరంభమగు గణితపు తరగతి యొకటి ఉదయపు వేళలో, బస్సు దిగి రాగలిగిన వేళలో ఉండవలెను. వచ్చు జూనుకు జిల్లా కొక్క కళాశాలయందైనను దీని నారంభింపవలెనని మన రెండు తెలుగు రాష్ట్రముల విద్యాశాఖలను కోరుచున్నాను.